మూడు సిస్టమ్‌ల మధ్య తిరిగే పెన్‌డ్రైవ్: ఎక్స్‌ఫ్యాటా, ఎన్‌టీఎఫ్‌ఎస్సా?

విండోస్, మ్యాక్, లినక్స్ మధ్య తిప్పే డ్రైవ్‌ని దేంట్లో ఫార్మాట్ చేయాలని చాలామంది పదేపదే అడుగుతున్నారు. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఫ్యాట్32 అనేవి డ్రైవ్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతులు. నా ఓటు ఎక్స్‌ఫ్యాట్‌కే. కాకపోతే ఫార్మాట్ చేసేటప్పుడు ఒక సెట్టింగ్ మార్చుకోవాలి.

ఫ్యాట్32లో ఏ ఫైలూ 4 జీబీ దాకా పోదు. పాత టీవీకో, కార్ స్టీరియోకో తప్ప వద్దు.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి ఒక పెద్ద బలం ఉంది. చేయబోయే మార్పుని ముందే జర్నల్‌లో రాసుకుంటుంది కాబట్టి, కాపీ మధ్యలో డ్రైవ్ లాగేసినా ఫోల్డర్ల అమరిక చాలావరకు నిలుస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌కి జర్నల్ లేదు. ఎజెక్ట్ చేయకుండా లాగితే ఫోల్డరే మాయం కావచ్చు. అయినా ఎన్‌టీఎఫ్‌ఎస్ వద్దంటాను, ఎందుకంటే మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ అదనపు సాఫ్ట్‌వేర్ లేకుండా అందులో రాయదు. తిరిగే డ్రైవ్‌కి అంతకంటే పెద్ద లోపం లేదు. ఎక్స్‌ఫ్యాట్‌లో మ్యాక్ 10.6.5 వెర్షన్ నుంచే రాస్తుంది. మైక్రోసాఫ్ట్ 2019లో ఎక్స్‌ఫ్యాట్ స్పెసిఫికేషన్‌ని బయటపెట్టాక లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోకీ దాని డ్రైవర్ వచ్చింది.

ఇక ఆ సెట్టింగ్. 32 జీబీ దాటిన డ్రైవ్‌కి విండోస్ డిఫాల్ట్‌గా 128 కేబీ క్లస్టర్ (ఫైళ్లకి చోటు కేటాయించే అతి చిన్న ముక్క) ఇస్తుంది. ఫైలు 2 కేబీదే అయినా ఒక క్లస్టర్ మొత్తం దానికే పోతుంది. అలాంటివి 10,000 ఉంటే 20 ఎంబీ సరుకు 1.2 జీబీ చోటు తింటుంది. పైగా మ్యాక్ చాలా ఫైళ్ల పక్కన చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ఇంకో చిన్న ఫైలు పెడుతుంది, దానికీ ఒక క్లస్టర్. అందుకే విండోస్‌లో ఫార్మాట్ చేస్తూ 'అలొకేషన్ యూనిట్ సైజ్' దగ్గర 32 కేబీ ఎంచుకోండి. అదే సరుకు దాదాపు 312 ఎంబీలో సర్దుకుంటుంది. అన్నీ పెద్ద వీడియోలే అయితే 128 ఉంచేయండి.

ఫైళ్ల పేర్లు కూడా చూసుకోవాలి. కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తులు విండోస్‌లో చెల్లవు. తెలుగులో పేరు పెడితే ఇంకో చిక్కు ఉంది. ఎక్స్‌ఫ్యాట్ 255 యూనికోడ్ గుర్తుల దాకా ఒప్పుకుంటుంది. లినక్స్ తన సొంత డిస్కుల్లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 హద్దు మాత్రం 255 బైట్లు. ఒక్కో తెలుగు గుర్తుకి 3 బైట్లు కాబట్టి 85 దాటితే కాపీ ఆగిపోతుంది. గుణింతం, ఒత్తులోని పొల్లు కూడా విడి గుర్తులుగానే లెక్క, కాబట్టి 'స్త్రీ' ఒక్కటే 6 గుర్తులు, 18 బైట్లు.

లినక్స్ పర్మిషన్లు (ఫైలుని ఎవరు చదవొచ్చు, మార్చొచ్చు అన్న గుర్తులు), సింబాలిక్ లింకులు (ఇంకో ఫైలుని చూపే షార్ట్‌కట్‌లు) ఎక్స్‌ఫ్యాట్‌లో నిలవవు. ప్రాజెక్ట్ ఫోల్డర్లను టార్ (ఫైళ్లన్నీ ఒకే మూటగా కట్టే టూల్) చేసి ఒకే ఫైలుగా తీసుకెళ్లండి.