అంగుళానికి అడుగు వాలు: చక్రాల కుర్చీతో గోదావరి డెల్టా

మా అక్క చక్రాల కుర్చీలో తిరుగుతుంది. కుర్చీని తన చేతులతో తనే నడుపుకుంటుంది. అందుకే రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా ప్రతి చోటా మేం చూసింది ఒక్కటే: ఎవరూ మోయకుండా అక్క లోపలికి వెళ్లగలదా?

రాజమండ్రిలో దిగిన లాడ్జి వాళ్లు ఫోన్లో "ర్యాంపు ఉందండి" అన్నారు. ఉంది, బైకులు ఎక్కించుకోడానికి పోసిన నిట్రమైన సిమెంటు వాలు. గది శుభ్రంగా ఉంది, లిఫ్టు పనిచేస్తోంది. బాత్రూం తలుపు రెండడుగులు, కుర్చీ పాతికంగుళాలు! గది మాట్లాడుకునేటప్పుడే ర్యాంపు పొడవు, బాత్రూం తలుపు వెడల్పు అడగండి.

ద్రాక్షారామంలో భీమేశ్వరుడి లింగం రెండంతస్తుల ఎత్తు. పై అంతస్తుకి మెట్లెక్కాలి కాబట్టి అక్క కింద నుంచే దణ్ణం పెట్టుకుంది. అంత పాత రాతి కట్టడాన్ని మార్చమని ఎవరూ అడగరు. నా బాధంతా నిన్నగాక మొన్న పోసిన కాంక్రీటు గురించి.

కోనసీమలో ఓ చిన్న ఊళ్లో టిఫిన్ తినడానికి ఆగాం. బజారులో డ్రైను మీద పరిచిన పలకలే ఫుట్‌పాత్. దాని చివర వాలు కట్టారు, పసుపు రంగు కూడా వేశారు. తీరా చూస్తే వాలు రోడ్డుని తాకే చోట రెండంగుళాల అంచు వదిలేశారు. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి, అక్కడ టక్కున ఆగిపోయాయి. అక్క ముందుకి తూలింది. పైగా వాననీళ్లు నిలిచేదీ అక్కడే, పాకుడు పట్టేదీ అక్కడే. టిఫిన్ కొట్టాయన పరుగున వచ్చి, "ఆయ్, ఎంతసేపండీ, ఎత్తేత్తాం" అన్నారు. ఎంత మంచి మనిషో! కానీ పదిమంది చూస్తుండగా తనని ఎత్తుతుంటే అక్క ముఖం ఎలా అయిపోతుందో నాకు తెలుసు.

ర్యాంపు వాలు 1:12కి మించకూడదని ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. మేస్త్రీ భాషలో చెప్పాలంటే అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. ఆరంగుళాల ఫుట్‌పాత్‌కి ఆరడుగుల వాలు కావాలి. కింది అంచు రోడ్డుతో సమంగా కలవాలి, నీళ్లు పక్కకి పోవాలి. నున్నటి గ్రానైటు వద్దు. సిమెంటు తడిగా ఉండగా చీపురుతో అడ్డంగా గీతలు గీస్తే చాలు, చక్రం జారదు. రోడ్డు మీద మళ్లీ మళ్లీ సిమెంటు పోసినప్పుడల్లా ఎత్తులు మారిపోతాయి కాబట్టి వాలు కూడా సరిచేయాలి. పిల్లల బండి తోసే తల్లికీ, కర్ర పట్టుకుని నడిచే తాతగారికీ దారి ఇదే కదా.

అన్నిటికన్నా మాకు హాయిగా అనిపించింది సఖినేటిపల్లి నుంచి నరసాపురం వెళ్లే పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ. బైకులు ఎక్కే పలక మీదుగానే అక్క కూడా ఎక్కింది. ఆటుపోట్లని బట్టి పలక వాలు మారుతుంది. మేం వెళ్లేసరికి నీళ్లు నిండుగా ఉండి పలక దాదాపు సమంగా ఉంది. వీలైతే మీరూ ఆ వేళ చూసుకుని వెళ్లండి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. మీ ఊళ్లో ఘాటుకి వెళ్లే రోడ్డు పని మొదలైతే మేస్త్రీ దగ్గరికి వెళ్లి వాలు పొడవు, కింది అంచు గురించి అడగండి. సిమెంటు గట్టిపడ్డాక ఎవరూ మార్చరు.