పత్తి లెక్కకు ఏది మేలు: ఎక్సెల్, ఏఐ, ప్రోగ్రామర్?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్) దుకాణం నడిపేవారికి ఇప్పుడు మూడు దారులున్నాయి. ఎక్సెల్‌లో సొంతంగా లెక్కలు వేసుకోవచ్చు, తెలుగులో అడిగి చాట్‌జీపీటీ వంటి ఏఐతో ప్రోగ్రాం రాయించుకోవచ్చు, లేదా డబ్బిచ్చి ప్రోగ్రామర్‌ను పెట్టుకోవచ్చు. ఇక మూడోదానితో పని లేదనే మాట ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది.

ఆ మాట పాతదే. వరంగల్‌లో ఆర్ఈసీకి (ఇప్పటి ఎన్ఐటీ) నెహ్రూ శంకుస్థాపన చేసిన 1959లోనే అమెరికాలో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష రూపకల్పన మొదలైంది. ఇంగ్లీషు వాక్యాల్లా ఉంటే మేనేజర్లూ చదువుకోగలరని ఆశించారు. చివరికి కోబాల్ ప్రోగ్రామర్ అనే కొత్త ఉద్యోగం పుట్టింది. మామూలు వాడుకదారుల కోసమని 1970లలో ఐబీఎంలో తయారైన ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాషను ఇప్పుడు ఇంజినీరింగ్ విద్యార్థులు ఇంటర్వ్యూల కోసం చదువుతున్నారు.

1979లో వచ్చిన విజికాల్క్ అనే తొలితరం స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం మాత్రం మాట నిలబెట్టుకుంది. అది మనిషి భాషను అనుకరించలేదు. గడులిచ్చింది, సూత్రం రాయగానే ఫలితం చూపింది. ఎక్సెల్ బలమూ అదే. ఒక్కరే చూసుకునే హమాలీ ఖర్చులకు, బాకీలకు నా ఓటు దానికే. నలుగురి చేతులు పడితే ఎవరో సూత్రం మీద అంకె కొట్టేస్తారు, ఎవరికీ తెలియదు.

ఏఐ సంగతి వేరు. సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోళ్లలో పత్తి తేమకు ప్రమాణం 8 శాతం, గరిష్ఠం 12. దుకాణంలోనూ అదే పెట్టుకుని, 8 మించిన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత వేయమని ఏఐకి చెప్పారనుకుందాం. 8.4 వస్తే? క్వింటాలుకు 7,000 చొప్పున 10 క్వింటాళ్లకు 0.4 శాతమే కోస్తే 280 రూపాయలు, పూర్తి శాతంగా లెక్కిస్తే 700. మంచి ప్రోగ్రామర్ ఇక్కడ ఆగి అడుగుతాడు. ఏఐ చాలాసార్లు అడగకుండానే ఒకటి ఎంచుకుంటుంది. తేడా 420 రూపాయలు పరకాల నుంచో నర్సంపేట నుంచో వచ్చిన రైతువి. ఆయన చేతికందే తక్‌పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) ఆ ఎంపిక కనిపించదు.

ఇంగ్లీషు రానివారు తెలుగులో అడిగి పాత జాబితాలు సర్దించుకోవడం నిజంగా గొప్ప వెసులుబాటు, దాన్ని తక్కువ చేయను. రైతు సొమ్ము లెక్కకు మాత్రం ప్రోగ్రామరే మేలు. అతను ఏఐ సాయం తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు. కాంటా దగ్గర ఒక పూట కూర్చుని, కోత నియమాన్ని కాగితం మీద రాయించుకుని, చేత్తో వేసిన లెక్కలతో సరిచూడాలి. అంత ఓపిక లేనివాడు దొరికితే ఎక్సెల్‌తోనే నడిపించుకోవడం నయం.