డీజేఐ మినీ 2 నాలుగేళ్ళు వాడాక: వణుకు కెమెరాది కాదు, నా చూపుడువేలిది

నా పని పెళ్ళి వీడియోల ఎడిటింగ్. విశాఖ అక్కయ్యపాలెంలో చిన్న గది, రెండు మానిటర్లు. ఎవరైనా డ్రోన్ క్లిప్పులు పంపితే ముందు నేను చూసేది కెమెరా కిందికి వంగే చోటు. సగానికి సగం అక్కడే పోతాయి. మెల్లగా దిగాల్సిన చూపు, బస్సులో కునికేవాడి తలలా టక్కున వాలిపోతుంది. వీళ్ళకి చేతకాదులే అనుకునేవాణ్ణి, 2021లో నేనే డీజేఐ మినీ 2 అనే చిన్న డ్రోన్ కొనేదాకా.

ఆనందపురం దాటి పద్మనాభం వెళ్ళే దారిలో మా బావకి జీడితోట ఉంది. మొదటి రోజు అక్కడ తీసింది ఫోన్‌లో చూసి బావ ఒకటే మాట అన్నాడు: "ఏటి బావా, కెమెరాకి జొరమొచ్చిందేటి?"

నిజానికి డ్రోన్‌ది ఏ తప్పూ లేదు. బరువు 249 గ్రాములే, అయినా కెమెరాని మూడు వైపులా నిలకడగా పట్టి ఉంచే మోటార్ల పట్టు, అదే గింబల్, గాలికి డ్రోన్ ఒళ్ళు ఊగినా బొమ్మని కదలనివ్వదు. కుదుపంతా రిమోట్ ఎడమ భుజం మీద ఉన్న చిన్న చక్రం దగ్గర పుడుతోంది. చూపుడువేలితో తిప్పితే కెమెరా పైకీ కిందికీ వంగుతుంది. లోపల స్ప్రింగు ఉంటుంది కాబట్టి వేలు వదిలితే చక్రం తనంతట తానే మధ్యకి వచ్చేస్తుంది. ఎంత ఎక్కువ తిప్పితే అంత వేగం. కొత్తలో కంగారుగా చివరిదాకా నొక్కేసి, అయ్యో అని వదిలేస్తాం. ఆ "అయ్యో" వీడియోలో కనబడుతుంది.

నాకు పనికొచ్చింది ముందుగా సినీ మోడ్. రిమోట్ మీదే స్విచ్ ఉంది. నార్మల్‌లో సెకనుకి 10 మీటర్ల దాకా వెళ్ళే డ్రోన్ ఇందులో 6 దాటదు. తర్వాత యాప్ సెట్టింగుల్లో గింబల్ వంగే స్పీడు 10కి తగ్గించి, స్మూత్‌నెస్, అంటే కదలిక ఎంత మెత్తగా మొదలై ఆగాలో చెప్పే సెట్టింగు, 20 దగ్గర పెట్టుకున్నాను. ఇక్కడొక మెలిక ఉంది. స్మూత్‌నెస్ పెంచాక చక్రం వదిలినా కెమెరా వెంటనే ఆగదు, ఇంకాస్త జారి ఆగుతుంది. కొండ ఫ్రేములోకి పూర్తిగా వచ్చాక వదిలితే ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. కొండ మొదలు కనబడగానే వదిలేయాలి, మిగతా దూరం అదే వెళ్తుంది. ఈ లెక్క వేలికి ఎక్కడానికి నాకు రెండు నెలల ఆదివారాలు పట్టాయి.

వేసవిలో బావ కళ్ళంలో జీడిపిక్కలు ఆరబోశాడు. కెమెరాని నిట్టనిలువుగా కిందికి పెట్టి, పిక్కల మీద నుంచి మొదలుపెట్టాను. ముందు డ్రోన్‌ని ముందుకు కదిలించి, అది ఒక వేగం అందుకున్నాకే చక్రం ముట్టుకున్నాను. చెట్ల తలలు దాటుతుంటే పద్మనాభం కొండ మెల్లగా లేచింది. రెండు పనులూ ఒకేసారి మొదలుపెడితే బొమ్మ తడబడుతుంది. ఇంకో మాట ఎడిటర్‌గా చెబుతున్నా: కదలికకి ముందు అయిదు సెకన్లు, తర్వాత అయిదు సెకన్లు ఊరికే రికార్డు అవనివ్వండి. మాకు కత్తెర పెట్టడానికి చోటుండాలి కదా.

వేలు బాగున్నా మధ్యాహ్నం తీసినవి కుదుపుగా కనబడుతుంటే కారణం వేరే. దీని లెన్సు ఎపర్చర్, అంటే వెలుగు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్/2.8, మారదు. మండుటెండలో షటర్ సెకనులో 1/3200 వంతు దగ్గరికి పోతుంది, ప్రతి ఫ్రేమూ కత్తితో కోసినట్టు వస్తుంది. సెకనుకి 25 ఫ్రేములకి షటర్ 1/50 కావాలంటే లెన్సుకి నల్లద్దంలా వెలుగు తగ్గించే ఎన్‌డీ64 ఫిల్టర్ తప్పదు. ఊళ్ళో ఒక షాపువాడు అన్నిటికీ సరిపోతుందని అంటగట్టిన ఫిల్టర్ బరువుకి గింబల్ పాపం మొరాయించింది. ఈ మోడల్‌కని చేసినదే కొనండి.

బ్యాటరీ 31 నిమిషాలని పెట్టె మీద ఉంటుంది. నేను ఇరవై దాటాక దించేస్తాను, టెన్షన్ పడలేను. ముందూ వెనకా పక్కలా అడ్డాలు చూసే సెన్సార్లు లేవు కాబట్టి కొమ్మల మధ్య సాహసాలు వద్దు. ఆర్కే బీచ్‌లో ఎగరేద్దామనుకునే కుర్రాళ్ళు ముందు డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. నేవీ విమానాల స్థావరం ఐఎన్‌ఎస్ డేగా ఊళ్ళోనే ఉంది, నేవీ వాళ్ళతో ఆటలాడొద్దు. నేను తోటకి వెళ్ళేముందు కూడా ప్రతిసారీ చూసుకుంటాను.

ఒక్కటే వెలితి. ఫోన్‌ని నిలబెట్టి తీసినట్టు కెమెరా నిలువుగా తిరగదు. బావకి వాట్సాప్ స్టేటస్‌కి నిలువు వీడియో కావాలి. 4కె లోంచి కత్తిరిస్తే కొండ సగం పోయింది. ఏ సగం ఉంచమంటావని ఫోన్ చేశాను.

"పిక్కలున్నది ఉంచు బావా. కొండకేటి, అందరూ చూసిందే."