ఫోనా, పుస్తకమా, గోడా? మొదటి ఏడాది టీచరుకు ఏది మేలు

మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకాలో జిల్లా పరిషత్ బడి అంటే చాలా ఊళ్లలో ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. 2009 విద్యాహక్కు చట్టం లెక్కలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లే. ఆ ఇద్దరిలో ఒకరి నెత్తిన ముఖ్యాధ్యాపక్ (హెడ్‌మాస్టర్) పని కూడా ఉంటుంది. ఆయన మీటింగుకు తాలూకాకు పోయిన రోజు, ఉన్న ఒక్కరే ఐదు తరగతులనూ చూసుకోవాలి.

అందుకే కొత్తగా చేరినవాళ్లు తరగతి పనులూ పిల్లల వివరాలూ పెట్టుకోవడానికి ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. నేను పక్క గదిలోకి పోతే, ఈ తరగతి పావుగంట ఏం చేస్తుంది? ఈ ప్రశ్నతో ఫోన్, పుస్తకం, గోడ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తాను.

ఇప్పుడు అందరూ ఫోన్‌తోనే మొదలుపెడతారు. హాజరు, ఫొటోలు, పై నుంచి వచ్చే ఆర్డర్లు అన్నీ అందులోనే. లెక్కలకు అది నిజంగా పనికొస్తుంది. మధ్యాహ్న భోజనంలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. ఈరోజు 38 మంది తింటే 3 కిలోల 800 గ్రాముల బియ్యం, 760 గ్రాముల పప్పు. ఇది ఏ రోజుకారోజు ఫోన్‌లో వేసి, రిజిస్టర్‌లో ఎక్కిస్తే నెలాఖరున స్టాక్ తేలక టెన్షన్ పడే పని ఉండదు. కానీ పాఠాల ప్లాన్, పిల్లల వివరాలు కూడా దాంట్లోనే పెట్టుకోవద్దు. మొదటి ఏడాది నేను అదే చేశాను. ఆగస్టు వానల్లో మూడు రోజులు కరెంటు లేదు, ఫోన్ చచ్చిపోయింది. రెండో తరగతి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పడానికి నా దగ్గర చిత్తు కాగితం కూడా లేదు. పైగా టీచర్ ఫోన్ చూస్తున్నంతసేపు పిల్లలూ ఫోన్‌నే చూస్తారు. నా ప్రశ్నకు ఫోన్ దగ్గర జవాబు లేదు.

గోడ సంగతి వేరు. గోడ అని అంటున్నాను గానీ, మా వైపు వానాకాలం గోడలు చెమ్మెక్కుతాయి, అంటించిన చార్టు వారానికే ఊడి వస్తుంది. కిటికీ ఊచకూ ఎదుటి మేకుకూ ఒక నైలాన్ తాడు కట్టండి, ఒకటో తరగతి పిల్ల చెయ్యి అందేంత కిందికి. బట్టల క్లిప్పులు ఒక డజను చాలు. పాత క్యాలెండర్ కాగితాల వెనక తరగతికో రంగుతో ఆ పూట పని రాసి తగిలించండి. చదవడం రాని ఒకటో తరగతికి బొమ్మ వేయండి. పలక బొమ్మ ఉంటే రాయడం, గింజల బొమ్మ ఉంటే చింతగింజలు పదేసి కుప్పలు పెట్టడం. పని అయిపోయాక ఏం చేయాలో కూడా అక్కడే ఉండాలి. కొత్త టీచర్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. తొందరగా ముగించిన పిల్లాడికి తర్వాతి పని కనబడకపోతే వాడు పక్కవాడి పని చెడగొడతాడు. అందులో వాడి తప్పేమీ లేదు.

పేరు చీటీలు కూడా అదే తాడు మీద పెట్టాను. పొద్దున పరిపాఠ్ (ప్రార్థన) అయ్యాక ఎవరి చీటీ వాళ్లే తిప్పుకుంటారు. తిరగని చీటీలు చూస్తే రానివాళ్లు ఎవరో తెలిసిపోతుంది. హాజరు పుస్తకం మాత్రం మీరే రాయాలి, అది పిల్లలకు ఇచ్చేది కాదు. తాడు మీద పని ఉంటే నేను పావుగంట కాదు, అరగంట బయటికి పోయినా గది నడుస్తుంది. మొదటి నెలలో ఒక్కటే చేయగలిగితే దీన్నే చేయండి.

మరి పుస్తకం ఎందుకు? టాచణ్ వహీ (పాఠాల ప్లాన్ పుస్తకం) ఎలాగూ రాస్తాం కదా అంటారు. టాచణ్ ఏ పాఠం చెప్పబోతున్నామో చెబుతుంది, కేంద్రప్రముఖ్ (చుట్టుపక్కల బడులను చూసే అధికారి) వచ్చినప్పుడు చూపించాల్సిందీ అదే. ఏ పిల్లకు ఏం పట్టుబడలేదో అందులో ఉండదు. దానికి 200 పేజీల పొడుగు పుస్తకం వేరేగా కొనుక్కోండి, పిల్లకో పేజీ ఇవ్వండి.

మా దగ్గర ఈ పేజీ ఇంకా ఎక్కువ అవసరం. బడి మరాఠీ మీడియం, ఇంట్లో తెలుగు, కొందరి ఇళ్లలో మాడియా అనే ఆదివాసీ భాష. రెండో తరగతిలో ఒక పిల్ల 25 చెబితే 52 రాసేది, 43 చెబితే 34. లెక్కలు రావు అని రాసి వదిలేద్దామనుకున్నాను. ఆమె పేజీలో మూడు వారాలు తప్పులన్నీ తేదీలతో రాసిపెట్టాక గానీ విషయం తెలియలేదు. నేను మరాఠీలో ‘పంచవీస్’ అంటున్నాను, అంటే ఐదు ముందు వినబడుతుంది. తెలుగులో ఇరవై ముందు, ఐదు తర్వాత. ఆ పిల్ల విన్న వరుసలోనే రాస్తోంది, పాపం. ‘ఇరవై ఐదు, పంచవీస్’ అని రెండూ కలిపి చెప్పి, పదుల కట్టలు చేతికిచ్చి చేయించాక పదిహేను రోజుల్లో సరిగ్గా రాసింది. ఫోన్‌లో మార్కులు మాత్రమే వేసి ఉంటే నాకు ఆ వరుస ఎప్పటికీ కనబడేది కాదు.

రోజూ అందరి పేజీలూ నింపాలనుకోవద్దు, రెండో వారానికే విసుగొస్తుంది. రోజుకు ఐదుగురు, ఒక్కొక్కరికి రెండు వాక్యాలు. కాపీలు (పిల్లల నోటుపుస్తకాలు) దిద్దడం కూడా అంతే, ఒక రోజు ఒక తరగతివి పూర్తిగా చూడండి, మిగతావి పైపైన తిప్పండి. మూడు తరగతుల కాపీలు ఇంటికి మోసుకుపోయి రాత్రి పదకొండు దాకా దిద్దిన రోజులు నాకున్నాయి. పొద్దున పాఠం చెప్పే ఓపిక ఉండేది కాదు.

కాబట్టి నా వరుస ఇది: ముందు తాడు, తర్వాత పుస్తకం, భోజనం లెక్కలకు మాత్రం ఫోన్. మా విదర్భలో ఎండల వల్ల బడి జూన్ చివర్లో తెరుస్తారు. తెరవడానికి రెండు రోజుల ముందే పోయి తాడు కట్టుకోండి, పుస్తకంలో పేర్లు రాసుకోండి.

పుస్తకాన్ని నేను ఇంటికి తీసుకుపోను, బల్ల సొరుగులోనే ఉంచుతాను. పోయిన ఏడాది నాకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది. పక్క గది మేడమ్ సొరుగు తీసి, ఎవరు ఎక్కడున్నారో చూసుకుని, తాడు మీద పని మార్చారట. నేను తిరిగి వచ్చేసరికి 25కు 52 రాసిన ఆ పిల్ల పేజీలో మేడమ్ చేతిరాతతో ఒక వాక్యం ఉంది: ‘67 తప్పు లేకుండా రాసింది.’