మంగళజోడిలో పిల్లలతో ఒక ఉదయం: గడ పడవల సేవపై మా అనుభవం

బరంపురంలో మా వీధి తెలుగు కుటుంబాల పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతున్నారు. సెలవు వచ్చిందంటే వారిని గోపాలపురం సముద్రానికి తీసుకెళ్లి, కాసేపు ఇసుకలో ఆడించి తీసుకురావడమే పెద్దలమైన మాకు అలవాటు. చిలికా సరస్సు దక్షిణపు కొస మా గంజాం జిల్లాలోనే ఉన్నా, ఛత్రపురం పక్కనున్న తంపర మంచినీటి సరస్సు 2021లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరినా, వాటి ఒడ్డున పిల్లలను కూర్చోబెట్టి నీటిని చూపించాలన్న ఆలోచన మాకు ఆలస్యంగా వచ్చింది. ఈ జనవరిలో ఎనిమిది నుంచి పదమూడేళ్ల లోపు పిల్లలు తొమ్మిది మందితో, ముగ్గురు పెద్దలం చిలికా ఉత్తరపు అంచున ఉన్న మంగళజోడికి వెళ్లి, అక్కడి గడ పడవలు మాట్లాడుకుని ఒక ఉదయమంతా గడిపి వచ్చాము. పిల్లలతో వెళ్లాలనుకునే తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఆ సేవ గురించి వివరంగా రాస్తున్నాను.

అంతకు ముందు ఏడాది ఇదే పిల్లల్లో కొందరిని వేరొక చోట మోటారు పడవ ఎక్కించాము. ఇంజను చప్పుడుకు పక్షులు చాలా దూరం నుంచే లేచిపోయేవి. పిల్లలకు కనిపించినవి వాటి వీపులూ తోకలూ మాత్రమే. పడవ నడిపినవారు వరుసగా నాలుగు చోట్లు తిప్పి, ముప్పావు గంటలో ఒడ్డుకు చేర్చారు. తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి, "అమ్మా, అవి మనల్ని చూసి ఎందుకు పారిపోయాయి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు నాకే నచ్చలేదు. ఈసారి ఇంజను లేని పడవే కావాలని అప్పుడే నిశ్చయించుకున్నాము.

మంగళజోడి ఖుర్దా జిల్లాలో, టాంగి దగ్గర ఉంది. బరంపురం నుంచి పదహారో నంబరు జాతీయ రహదారి మీద రంభ, బాలుగావ్ దాటి వెళ్లాలి. ప్రయాణానికి రెండు గంటల పైనే పడుతుంది కాబట్టి మేము నాలుగు గంటలకే బయలుదేరి, తెల్లవారుతుండగా రేవుకు చేరుకున్నాము. అక్కడి పడవలు చిన్నవి, అడుగు చదునుగా ఉన్నవి. నీరు చాలా చోట్ల మోకాలి లోతు కూడా ఉండదు కాబట్టి తెడ్డుతో పని లేదు. వెనుక నిలబడిన మనిషి పొడవాటి వెదురు గడను బురదలో గుచ్చి, ఒంటి బరువంతా దాని మీద వేసి తోస్తాడు. ఒక్కో పడవలో ముగ్గురు పిల్లలు, ఒక పెద్ద, గడ వేసే మనిషి, పక్షులను చూపించే గైడు కూర్చున్నాము. మా గైడును పిల్లలు మొదటి నిమిషం నుంచే "భాయినా" (ఒడియాలో అన్నయ్య) అని పిలిచారు.

ఆ భాయినా తండ్రి ఒకప్పుడు ఇదే నీటిలో పక్షులను వేటాడినవాడు. ఆ సంగతి ఆయన దాచలేదు, గొప్పగానూ చెప్పుకోలేదు. శీతకాలంలో వలస వచ్చే బాతులను తుపాకులతో, విషపు ఎరలతో చంపి సంతలో అమ్మడం ఆ ఊళ్లో చాలా ఇళ్లకు జీవనాధారంగా ఉండేది. 2000 సంవత్సరంలో ఊరివారే పక్షుల రక్షణకు ఒక సమితిగా ఏర్పడ్డారు. వేటాడిన చేతులే తరువాత కాపలా కాశాయి. ఏ పిట్ట ఏ గడ్డిలో దాక్కుంటుందో, ఎంత దూరంలో ఆగితే లేవకుండా ఉంటుందో ఈ గైడులకు తెలిసినంత బాగా పుస్తకం చదివినవారికి తెలియకపోవడానికి కారణం ఇదే అనిపించింది. పదకొండేళ్ల పిల్లవాడు ఒకడు, "మీ నాన్న ఇప్పుడు బాధపడతారా?" అని ఒడియాలో అడిగాడు. ఆయన కాసేపు గడ వైపు చూసి, "రోజూ నాతోపాటు రేవుకు వస్తాడు" అని మాత్రం అన్నాడు.

ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆగడం. నల గడ్డి గుబుర్ల మధ్య కాలువలాంటి దారిలో వెళ్తూ, కలువ ఆకులు పరుచుకున్న ఒక మూలలో భాయినా చేయి పైకెత్తగానే గడ ఆగింది. పది పన్నెండు అడుగుల దూరంలో కంచు రంగు రెక్కల జకానా అనే నీటి పిట్ట ఒకటి ఆకుల మీద నడుస్తోంది. ఒంటితో పోలిస్తే దాని కాలివేళ్లు నమ్మలేనంత పొడవు. బరువంతా అన్ని వైపులా పంచుకోవడం వల్ల ఆకు మునగదు. అది అడుగు తీసిన తరువాత ఆకు అంచు కొద్దిగా వంగి, ఒక నీటి చుక్క జారి, మళ్లీ సమంగా నిలవడం పిల్లలు చూశారు. ఈ జాతిలో గుడ్లు పొదిగేదీ, పిల్లలను రెక్కల కింద ఇరికించుకుని మోసేదీ తండ్రి పక్షేనని గైడు చెప్పగానే ఆడపిల్లలు ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ ఒక్క పిట్ట దగ్గరే మేము ఇరవై నిమిషాలు ఉన్నాము. ఎవరూ తొందరపెట్టలేదు. గంట లెక్కన కాకుండా పడవ లెక్కన డబ్బు మాట్లాడుకున్నాము కాబట్టి మాకూ మనసులో తొందర లేదు.

ఆ తరువాత గట్టు దగ్గర నత్తగుల్ల కొంగ కనిపించింది. మూసినా మధ్యలో సందు మిగిలే దాని ముక్కును చూసి, అది విరిగిందేమోనని చిన్నవాడు జాలిపడ్డాడు. పెద్ద పక్షులకే ఆ సందు ఉంటుంది, పిల్ల కొంగల ముక్కు మామూలుగానే ఉంటుంది. నత్తను పట్టుకుని లోపలి మాంసాన్ని బయటికి లాగడానికి ఆ ముక్కు అనువుగా ఉంటుంది. ఒడియాలో దీన్ని గెండాళియా అంటారు. గెండా అంటే నత్త. "మనమూ నత్తతోనే పేరు పెట్టాము, వాళ్లూ నత్తతోనే పెట్టారు!" అని మా అమ్మాయి గట్టిగా అనేసి, వెంటనే నోరు మూసుకుంది. రెండు భాషల మధ్య పెరిగే మా పిల్లలకు ఇంతకంటే మంచి భాషా పాఠం బడిలో దొరకదు. ఇంట్లో అమ్మమ్మలు అపశకునమని చెప్పే తీతువు పిట్ట కూడా గట్టు మీద అరుస్తూ తిరిగింది. అది గుడ్లు కటిక నేల మీదే పెడుతుంది, మనిషో కుక్కో దగ్గరికి వస్తే అరిచి దారి మళ్లించాలని చూస్తుంది అని తెలిశాక, ఆ అరుపుకు పిల్లలు వేరే అర్థం చెప్పుకున్నారు.

పరిశీలన పనులు కొన్ని మేము ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని వెళ్లాము. వాటిలో ముక్కుల ఆట బాగా కుదిరింది. వంటింటి నుంచి పట్టకారు, గరిటె, టీ వడపోసే జల్లెడ, పొడవాటి చిమటా పట్టుకెళ్లాము. ఏ పక్షి ముక్కు ఏ పనిముట్టుకు దగ్గరో పిల్లలు పడవలోనే తేల్చాలి. పార ముక్కు బాతు నీటిని నోట్లోకి తీసుకుని అంచులనున్న సన్నని దువ్వెనలాంటి పళ్ల మధ్య నుంచి వడకట్టడం చూసి, అందరూ ఒకేసారి జల్లెడను చూపించారు. బురదలో మేత వెతుక్కునే నల్ల తోక గాడ్విట్ పక్షి దగ్గర మాత్రం చిమటా చాలదన్నారు. దాని పొడవాటి ముక్కు బురదలో పూర్తిగా దిగిన తరువాత కొస మాత్రమే తెరుచుకుని పురుగును పట్టుకోగలదు. అలాంటి పనిముట్టు మన ఇళ్లలో లేదు.

ఇంకొకటి, ఐదు నిమిషాల మౌనం. కాగితం మధ్యలో తమ గుర్తు పెట్టుకుని, ఏ దిక్కు నుంచి శబ్దం వస్తే అటు చుక్క పెట్టాలి. మొదటి నిమిషం గుసగుసలతో పోయింది. మూడో నిమిషానికి గడ్డి రాపిడి, దూరాన ఎవరో వల దులుపుతున్న చప్పుడు, తలమీదుగా వెళ్లిన బాతుల రెక్కల ఈల అన్నీ కాగితం మీదికి వచ్చాయి. ఇంట్లో ఒక్కచోట కూర్చోని కుర్రవాడి కాగితంలో పద్నాలుగు చుక్కలున్నాయి.

ఒడ్డుకు వచ్చాక, గైడును అడిగి, పక్షులకు దూరంగా ఊరి వైపు ఉన్న కాలువలో జల్లెడతో కాస్త బురద తీసి తెల్లని పింగాణీ పళ్లెంలో వేశాము. నీరు తేరుకునే దాకా ఓపిక పట్టాలి. తేరుకున్న తరువాత రెండు చిన్న నత్తలు, వెల్లకిలా ఈదే పురుగు ఒకటి, ఒక తూనీగ పిల్ల కనిపించాయి. తూనీగ పిల్ల వెనుక నుంచి నీటిని చిమ్మి ఒక్కసారిగా ముందుకు దూకినప్పుడు పళ్లెం చుట్టూ ఉన్న తొమ్మిది తలలూ ఒకేసారి వెనక్కి వెళ్లాయి. దోమ పిల్లలను తినేది ఇదేనని తెలిసి, దాన్ని ఎవరు కాలువలో వదలాలన్నదాని మీద చిన్న తగాదా కూడా జరిగింది. చూసినవన్నీ నీటిలో వదిలిన తరువాతే ఇడ్లీల డబ్బా తెరిచాము.

చిలికా దక్షిణపు కొసన ఉన్న రంభలో నీరు ఉప్పగా ఉంటుందని తెలిసిన పిల్లలు ఇక్కడ కలువలు ఎలా పెరుగుతున్నాయని అడిగారు. ఉత్తరాన దయా, భార్గవి వంటి మహానది పాయల నీరు వచ్చి చేరుతుంది, సరస్సు సముద్రంలో కలిసే మొగ దూరం. అందుకే ఒకే సరస్సులో ఇక్కడ మంచినీటి మొక్కలు, అక్కడ ఉప్పునీటి చేపలు. మొగ పూడిపోయి సరస్సు చెడిపోతున్న రోజుల్లో, 1993లో చిలికాను ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. 2000లో కొత్త మొగ తవ్విన తరువాత 2002లో ఆ పట్టిక నుంచి తీశారు. ఇదంతా గైడు ఒడియాలో చెబితే పెద్ద పిల్లలు చిన్నవారికి తెలుగులో చెప్పారు.

లోపాలు లేకపోలేదు. అక్కడ పడవలు నడిపే బృందాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. మేము మాట్లాడుకున్నవారి దగ్గర లైఫ్ జాకెట్లన్నీ పెద్దల కొలతవే. ఎనిమిదేళ్ల పిల్లలకు అవి భుజాల మీద నుంచి జారిపోతున్నాయి. నీరు లోతు లేదని సర్దుకుపోవడం సరికాదు, ఎందుకంటే అడుగున ఉన్నది కాలు దిగబడే బురద. బైనాక్యులర్ పడవకు ఒకటే ఇచ్చారు, అదీ చిన్న చేతులకు బరువు. రేవు దగ్గర ఆడపిల్లలకు సరైన మరుగుదొడ్డి దొరకక ఇబ్బంది పడ్డాము. రెండో పడవ గైడు మొదటి అరగంట పక్షుల పేర్లు ఇంగ్లీషులో వరుసగా చెబుతూ పోయారట. ఆ పడవ పిల్లల పుస్తకాల్లో ఇరవై రెండు పేర్లున్నాయి, ఒక్క బొమ్మ లేదు. ముందే ఒక మాట అనుకుంటే బాగుండేది: పిల్లలు అడిగే దాకా పేరు చెప్పవద్దని.

వెళ్లేవారు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి లోపు, తెల్లవారే వేళకు రేవులో ఉండేలా చూసుకోవాలి. ఎర్రని, తెల్లని బట్టలు వద్దు. ఆరేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలు పడవలో కూర్చోవడం కష్టం. వారితో ఒడ్డున గట్టు మీద నడవడమే మేలు. ఈ చిన్న లోపాలతో కూడా, దగ్గరలో దొరికే మోటారు పడవ కంటే ఈ రెండు గంటల ప్రయాణానికే నా ఓటు.

వచ్చిన మరుసటి ఆదివారం పిల్లలే తంపర ఒడ్డుకు తీసుకెళ్లమని అడిగారు. నీటికాకి ఒకటి కొయ్య మీద రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంటే, అది రెక్కలు ముడిచే దాకా కదలమని భీష్మించి కూర్చున్నారు. మంగళజోడికి ఫిబ్రవరిలో మళ్లీ రెండు పడవలు మాట్లాడుకున్నాము. పిల్లల కొలత జాకెట్లు ఆరు ఈసారి బరంపురంలోనే కొని తీసుకెళ్తున్నాము.