పన్నెట్ గళ్ళా, సంభావ్యతల గుణకారమా?

సంతతికి ఏ లక్షణం సంక్రమిస్తుందో అంచనా వేయడానికి పన్నెట్ గళ్ళు (తల్లిదండ్రుల జన్యువులు ఎలా కలవవచ్చో చూపే పట్టిక) ఒక మార్గమైతే, సంభావ్యతలను గుణించడం మరొకటి.

ఒకే జన్యువుకు సంబంధించిన ప్రశ్నకు గళ్ళే మేలని నా అభిప్రాయం. భార్యాభర్తలిద్దరూ బీటా తలసేమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధికి వాహకులైతే, అంటే ఇద్దరిలోనూ ఒక సాధారణ జన్యువు, ఒక లోపమున్న జన్యువు ఉంటే, ఒక్కొక్కరి నుంచి సాధారణ జన్యువు గాని, లోపమున్న జన్యువు గాని బిడ్డకు చేరుతుంది. తండ్రివి పైవరుసలో, తల్లివి పక్కవరుసలో రాసి నాలుగు గళ్ళు నింపితే, ఒక గడిలో రెండూ సాధారణ జన్యువులే, రెండు గళ్ళలో చెరొకటి, చివరి గడిలో రెండూ లోపమున్నవే కనిపిస్తాయి. అంటే వ్యాధికి 25 శాతం, వాహకత్వానికి 50 శాతం అవకాశం ఉంటుంది.

అయితే నాలుగు గళ్ళంటే నలుగురు పిల్లలని, మొదటి బిడ్డకు వ్యాధి వస్తే తరువాతి ముగ్గురికీ రాదని కొందరు పొరబడతారు. ఇది చాలా బాధాకరమైన అపోహ, ఎందుకంటే ప్రతి గర్భధారణలోనూ అదే 25 శాతం ముప్పు మళ్ళీ మొదటినుంచి ఉంటుంది. ఈ విషయాన్ని గుణకారమే స్పష్టంగా చూపుతుంది: ఇద్దరు పిల్లలూ వ్యాధి లేకుండా పుట్టే సంభావ్యత 3/4 × 3/4, అంటే 9/16.

లక్షణాలు పెరిగేకొద్దీ గళ్ళు భారమవుతాయి. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ ప్రయోగాల్లోని బఠానీల్లో రెండు లక్షణాలకు 16 గళ్ళు, మూడింటికి 64 కావాలి. మూడు లక్షణాల్లోనూ అంతర్గత రూపమే (రెండు జన్యువులూ ఆ రకానివే అయితేనే బయటపడే రూపం) కనిపించే మొక్కల వాటా మాత్రం 1/4ను మూడుసార్లు గుణిస్తే 1/64 అని ఒక్క పంక్తిలో తేలుతుంది. అయితే ఒకే క్రోమోజోముపై (జన్యువులుండే పోగుపై) దగ్గరగా ఉన్న జన్యువులు సాధారణంగా కలిసి సంక్రమిస్తాయి కాబట్టి, వాటికి ఈ లెక్క వర్తించదు.