రెజ్యూమే నుంచి పోర్ట్‌ఫోలియో వెబ్‌సైట్: ఏఐ పనితనంపై సమీక్ష

రెజ్యూమేను ఒక ఏఐ చాట్‌బాట్‌కు ఇచ్చి, దాని ఆధారంగా ఒకే పేజీ పోర్ట్‌ఫోలియో వెబ్‌సైటును (నా పనినీ అనుభవాన్నీ చూపే సైటును) తయారు చేయించాను. వెబ్ పేజీలు రాసే భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ రానివారికి ఇది నిజంగా గొప్ప వెసులుబాటు. పరిచయం, అనుభవం, ప్రాజెక్టులు, నైపుణ్యాలు అనే విభాగాలను తానే ఏర్పరచి, ఫోన్ తెరపైనా కంప్యూటర్ తెరపైనా చక్కగా అమరే పేజీని నిమిషాల్లో సిద్ధం చేసింది. తెల్లని నేపథ్యంపై లేత బూడిద రంగు అక్షరాలు వాడడం మాత్రం నాకు నచ్చలేదు. వెబ్ యాక్సెసిబిలిటీ (చూపు తక్కువ ఉన్నవారితో సహా అందరూ సైటును వాడగలగడం) ప్రమాణాల ప్రకారం మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్, అంటే అక్షరాల రంగుకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, కనీసం 4.5:1 ఉండాలని చెప్పగానే సరిదిద్దింది.

రూపం కంటే రాత విషయంలోనే చాలా ఎక్కువ జాగ్రత్త అవసరం. "టెస్టింగ్ బృందంలో పనిచేశాను" అని రెజ్యూమేలో ఉన్న వాక్యం వెబ్‌సైటులోకి వచ్చేసరికి "టెస్టింగ్ బృందానికి నాయకత్వం వహించాను" అని మారిపోయింది. ఒక ప్రాజెక్టు కింద నేను ఎక్కడా రాయని శాతం ఒకటి వచ్చి చేరింది. ఏ మాట తరువాత ఏ మాట రావడానికి ఎక్కువ అవకాశం ఉందో అంచనా వేస్తూ రాయడమే ఇలాంటి చాట్‌బాట్‌లను నడిపే భాషా నమూనాల పద్ధతి కాబట్టి, రెజ్యూమేల్లో తరచుగా కనిపించే గొప్పలూ అంకెలూ ఆధారం లేకున్నా అవి రాసేదానిలోకి చొరబడతాయి. రేపు ఇంటర్వ్యూలో ఆ అంకె గురించి అడిగితే జవాబు చెప్పుకోవలసింది మనమే. "రెజ్యూమేలో లేనిది ఏదీ చేర్చవద్దు" అని ముందే స్పష్టంగా చెప్పినప్పుడు ఈ బెడద బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. రెజ్యూమేనూ వెబ్‌సైటునూ పక్కపక్కన పెట్టుకుని ప్రతి వాక్యాన్నీ సరిచూడక తప్పదు.

రెండు నిలువు వరుసల పీడీఎఫ్ ఇచ్చినప్పుడు ఒక ఉద్యోగం తేదీలు మరో ఉద్యోగం కింద పడ్డాయి. అదే సమాచారాన్ని సాదా టెక్స్ట్‌గా ఇస్తే ఆ తప్పు రాలేదు.

ఫోన్ నంబరు, ఇంటి చిరునామా కూడా ఉన్నవి ఉన్నట్టుగా పేజీలోకి వచ్చేశాయి. రెజ్యూమేను మనం ఎవరికి పంపితే వారే చూస్తారు, వెబ్‌సైటును ఎవరైనా చూడగలరు. అందువల్ల రెజ్యూమేను చాట్‌బాట్‌కు ఇవ్వకముందే ఫోన్ నంబరునూ చిరునామానూ అందులోంచి తీసివేయడం మంచిది. సంప్రదించడానికి ఈమెయిల్ ఒక్కటి చాలు.

తయారైన ఫైళ్లను, వెబ్‌సైట్లను ఇంటర్నెట్‌లో ఉంచే గిట్‌హబ్ పేజెస్ అనే సేవలో ఉంచాను. పబ్లిక్ రిపాజిటరీకి (ఎవరైనా చూడగల ఫైళ్ల నిల్వకు) ఈ సేవ ఉచితం, సురక్షిత కనెక్షన్ అయిన హెచ్‌టీటీపీఎస్ కూడా దానితోనే వస్తుంది. సైటు పరిమాణానికి ఉన్న 1 జీబీ పరిమితి వ్యక్తిగత పేజీకి ధారాళంగా సరిపోతుంది. కోడ్ మన దగ్గరే ఉంటుంది కనుక, ఉద్యోగం మారినప్పుడు మళ్లీ ఏఐని ఆశ్రయించకుండా ఆ రెండు మూడు వాక్యాలను ఫైలులో నేరుగా మార్చుకోవచ్చు.